హైమవతి గ్రనోలా రేకు

నేను ఒక రేకును. ఇంటి పైకప్పు రేకును కాదు, బేకరీ రేకును. మీరు నాజూగ్గా ట్రే అంటారు గానీ, కాకినాడ జగన్నాథపురంలో రత్నరాజు బేకరీలో నన్ను ఎవరూ అలా పిలిచిన పాపాన పోలేదు. "ఆ రేకు ఇటు తొయ్యండెహే" అనేవారు, నేను బట్టీలోకి వెళ్లేదాన్ని. అంతే మా మర్యాదలు.

పుట్టుక గురించి గొప్పలు పోను. మస్తాను అనే రేకుల పనివాడు నల్ల ఇనప పలకను కత్తిరించి, నాలుగంచులూ పైకి మడిచి, మూలలు సుత్తితో కొట్టి నన్ను చేశాడు. నన్నొక్కదాన్నే కాదు, మా మందనంతా. అందరిదీ ఒక్కటే పోలిక. ఒకరి మీద ఒకరం పడుకుని రిక్షాలో బేకరీకి కాపరానికి వచ్చాం. కొత్త రేకుకు నూనె పట్టించి ఖాళీగా బట్టీలోకి తోస్తారు. తీస్తారు, మళ్లీ నూనె రాస్తారు, మళ్లీ తోస్తారు. ఒళ్లు నల్లగా నిగనిగలాడేదాకా అలా కాలిస్తేనే ఆ తర్వాత పిండి అంటుకోదట. మీ పసివాళ్లకేమో అన్నప్రాశన చేసి పాయసం నాకిస్తారు. మాకు మాత్రం ఖాళీ కడుపుతో కాలడమే అన్నప్రాశన. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బ్రెడ్డూ, బన్నూ, రస్కూ రోజువారీ చాకిరీ. నాకు నచ్చింది వేసవి సెలవులు. ఆ రోజుల్లో బిస్కెట్లు కొనేవాళ్లకంటే కాల్పించుకునేవాళ్లే ఎక్కువ. ఇల్లాళ్లు మైదా, పంచదార, డాల్డా, యాలకులు సంచుల్లో పెట్టుకుని పిల్లల్ని వెంటేసుకుని వచ్చి బేకరీ బల్లల మీద బైఠాయించేవారు. రత్నరాజు పిండి కలిపించి, బిళ్లలు కోయించి మా మీద పేర్పించేవాడు. "మా దాంట్లో డాల్డా ఎక్కువేశాం, వాళ్లవి మాకొస్తే ఊరుకోం" అని ఆడవాళ్లు ముందే కచ్చితంగా చెప్పేవారు. అందుకని ఎవరి రేకు మూలన వాళ్లు ఒక గుర్తు పెట్టుకునేవారు. ఒకరు చింతగింజ, ఒకరు లవంగం, ఇంకొకరు పిండితో చేసిన ముక్కుపుడక. బట్టీలోంచి బయటికొచ్చేసరికి గుర్తులన్నీ మాడి ఏది ఎవరిదో తెలిసేది కాదు, తగువు మొదలయ్యేది. ఈలోగా పిల్లలు వేడి బిస్కెట్లు ఊదుకుంటూ సగం తినేసేవారు కాబట్టి తగువు తీర్చే పని రత్నరాజుకు తప్పిపోయేది.

తర్వాత పాకెట్టు బిస్కెట్లు వచ్చాయి. బేకరీ బల్లల మీద కూర్చునేవాళ్లు లేరు. మా మీదికి ఇంటి పిండి రావడం ఆగిపోయింది. మూలన గుర్తు పెట్టేవాళ్లు ఎవరూ లేకపోతే రేకుకు తను ఎవరిదో తెలియదు. ఎవరు తింటారో తెలియని బన్నుల్ని మోస్తూ ఏళ్లు గడిపాను. బట్టీలో అంత వేడి ఉన్నా నాకు ఒంటరిగానే ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం హైమవతి వచ్చింది. చేతిలో మూతపెట్టిన స్టీలు బేసిన్. నలభై దాటిన మనిషి, డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తం తీసే ఉద్యోగం. జగన్నాథపురంలో సగంమందికి ఏ చేతిలో నరం దొరుకుతుందో ఆమెకు నోటికొచ్చు. చిన్నప్పుడు వాళ్లమ్మతో వచ్చి మా దగ్గర బిస్కెట్లు కాల్పించుకుందట. ఆ ధైర్యంతోనే వచ్చింది.

"రత్నరాజుగారూ, దీన్ని కాస్త బట్టీలో పెట్టిస్తారా?"

రత్నరాజు మూత తీసి చూశాడు. ఓట్స్, అటుకులు, జీడిపప్పు, గుమ్మడి గింజలు, కొబ్బరి ముక్కలు, మీద బెల్లప్పాకం.

"ఏటండీ బాబూ ఇదీ! కోళ్ల దాణాలాగుంది."

"గ్రనోలా అంటారండి. పాలల్లో వేసుకుని తింటారు. మా అమ్మాయికి."

"అమ్మాయి కోసవైతే మరి కాదనకూడదు. రొట్టెలు తీసేసేక సన్నవేడి ఉంటాది, అప్పుడు పెడతానండి. కూకోండి."

ఆమె ఆ పాత బల్ల మీద కూర్చుంది. చుట్టూ ఎవరూ లేరు. చూడగా చూడగా నాకు పాత వేసవికాలం గుర్తొచ్చి, మోయడానికి నన్నే తీశారని పొంగిపోయాను. పొంగిపోతే ఏం లాభం! హైమవతి చేసిన ఘనకార్యం మీకు చెప్పలేదు. ఫోనులో వీడియో చూసింది. అందులో దొరసాని తేనె పొయ్యమంది. తేనె బదులు బెల్లం పాకం పడదామనుకుంది, బాగానే ఉంది. కానీ పాకం అనగానే ఈ దేశంలో ఆడవాళ్ల చెయ్యి మాట వినదు. నీళ్లలో చుక్క వేసి, అది ఉండ కట్టి, గిన్నెకేసి కొడితే టంగుమనేదాకా కాచింది. వాళ్లమ్మ వేరుశనగ అచ్చులకు అలాగే కాచేదట. ఇక బట్టీలోంచి బయటికి వచ్చి చల్లారాక నా మీద ఉన్నది గ్రనోలా కాదు, బండరాయి.

రత్నరాజు చాకుతో పొడిచాడు, చాకు వంగింది. నన్ను బోర్లించి అరుగుకేసి కొట్టాడు, నా మూల సొట్ట పడింది గానీ రాయి కదల్లేదు.

"ఇది పళ్లతో తినేది కాదండి, గోడ కట్టుకునేది" అన్నాడు.

హైమవతి నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపు ఆదివారమండి. రేపు పిల్ల వస్తుంది" అంది.

రత్నరాజుకు వేళాకోళం చేసినందుకు సిగ్గేసింది. "రేకుతోపాటే తీస్కెళ్లిపోండమ్మా. వేణ్ణీళ్లలో నానబెడితే ఊడతాది. రేకు నాకు తిరిగివ్వక్కర్లేదు. వచ్చే నెల్లో కరెంటు ఓవెను వస్తంది, అందులో ఈ పాత రేకులు పట్టవు. మిగతావాటిని ఎలాగూ పాతసామాన్లోడికి ఇచ్చేత్తన్నాను" అన్నాడు. నా తోబుట్టువుల సంగతి నేను విన్నది అలాగ, నెత్తిన బండరాయితో. వాళ్లకు ఒక్క మాట చెప్పి రావడానికైనా కుదరలేదు.

ఆమెది రెండు గదుల అద్దె వాటా. వంటింటి గోడకు నన్ను నిలబెట్టింది. ఆమె కథ నేను విన్నది అక్కడే, పక్కవాటా మంగతాయారు పిన్నిగారు గుమ్మంలో నిలబడి కూపీ లాగుతుంటే. హైమవతికీ భర్తకూ పడలేదు, విడిపోయారు. ఆయన రాజమండ్రిలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. కూతురు తన్విత ఎవరి దగ్గర ఉండాలనే ప్రశ్న వచ్చినప్పుడు జడ్జిగారు పిల్లనే అడిగారు. పిల్ల తల వంచుకుని "నాన్న దగ్గర" అంది. తల్లికి నెలకు రెండు ఆదివారాలు ఇచ్చారు, పొద్దున్న దింపి సాయంత్రం తీసుకుపోయేట్టు. తల్లీకూతుళ్ల మధ్య ఇక మిగిలిన ఆస్తి అంతే.

ఆ ఆదివారాలు ఎలా ఉండేవో నేను చూశాను. తన్విత వస్తుంది, కుర్చీ అంచున కూర్చుంటుంది, భుజానికున్న బ్యాగు తియ్యదు. హైమవతి తెల్లారుజామునే లేచి పెసరట్లు, ఉప్మా, అల్లప్పచ్చడి సిద్ధం చేసి ఉంటుంది.

"తినే వచ్చాను."

"ఏం తిన్నావు తల్లీ?"

"గ్రనోలా."

ఆ మాట నేను రాకముందే ఒకసారి విని, దాన్ని పట్టుకునే హైమవతి బేకరీకి పరిగెత్తింది. పిల్ల పొద్దున్నే తినేది తన ఇంట్లో ఉంటే ఖాళీ కడుపుతో వస్తుందని ఆమె ఆశ. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్ల కాసేపు ఎక్కువ కూర్చుంటుంది. పాపం, ఇంత చిన్న కోరికకు అంత ఆర్భాటం కావలసి వచ్చింది.

నన్ను నానబెట్టి, గోకి, తోమి శుభ్రం చేశాక రెండో ప్రయత్నం మొదలైంది. ఈలోగా బట్టీ పడగొట్టేశారు. ఇంట్లో ఓవెను లేదు. అయితేనేం, రెండు బర్నర్ల మీద రెండు పాత పెనాలు పెట్టి, వాటి మీద నన్ను పరిచి, మంట సిమ్ములో పెట్టింది. పాకం ఈసారి బెల్లం కరగ్గానే దించేసింది. చేతులు కట్టుకుని మరీ నిలబడింది, అలవాటుకొద్దీ ఇంకాస్త కాచేస్తానేమోనని. నెయ్యి కలిపి, చిటికెడు ఉప్పు వేసి, అంతా నా మీద పరిచి గరిటెతో నొక్కింది. ఒకసారి కిందిది పైకి తిరగేసింది. ఎర్రబడి కమ్మటి వాసన వచ్చాక దించి ఎండుద్రాక్ష చల్లింది.

దించాక అసలు కష్టం. చల్లారేదాకా చెయ్యి పెట్టకూడదు. కదిపితే పొడిపొడి అయిపోతుంది, వదిలేస్తే పలుకులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడతాయి. హైమవతి పీట వేసుకుని నా ముందు కూర్చునేది. చెయ్యి ముందుకు వచ్చేది, వెనక్కి తీసుకునేది.  

తన్విత మొదటిసారి ఒక్క పలుకు నోట్లో వేసుకుని "ఊఁ" అంది. హైమవతి ఆ "ఊఁ"ను వారమంతా మంగతాయారుకు చెప్పింది. రెండోసారి గిన్నెడు తిని, బ్యాగు తీసి పక్కన పెట్టింది. మూడోసారి వెళ్లేముందు గుమ్మం దగ్గర ఆగింది.

"అమ్మా, కొంచెం మా ఇంట్లోకి పెట్టిస్తావా?"

మా ఇంట్లోకి. ఆ మాటకు హైమవతి ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. ఆ వెంటనే ఉన్నదంతా పెద్ద హార్లిక్స్ సీసాలోకి దులిపి ఇచ్చేసింది. నా మీద చిటికెడు పొడి కూడా మిగలనివ్వలేదు.

తన్విత వాళ్లమ్మకు ఫోను చేసే పిల్ల కాదు. హైమవతి చేస్తే మాట్లాడేది, "ఆఁ, ఊఁ, సరే" అనేది. అలాంటిది ఒక బుధవారం తనే చేసింది. హైమవతి పప్పు కడుగుతున్న చేత్తోనే ఫోను ఎత్తి స్పీకరు నొక్కింది.

"అమ్మా, అయిపోయింది."

"అయిపోయిందా? ఈ ఆదివారం ఇస్తానమ్మా! జీడిపప్పు ఎక్కువ వెయ్యనా? ద్రాక్ష నచ్చిందా, తగ్గించనా? స్కూల్లో పరీక్షలు ఎప్పుడు?"

పిల్ల అన్నిటికీ జవాబు చెప్పింది. ఫోను పెట్టేశాక హైమవతి కడిగిన పప్పునే మళ్లీ కడిగింది.

ఆ మర్నాటి నుంచి ఆమె బుద్ధి ఎటు పోయిందో వినండి. సీసా పెద్దదైతే నెలకు గానీ అయిపోదు. నెలకు గానీ ఫోను రాదు. అందుకని హార్లిక్స్ సీసా అటకెక్కింది, పచ్చడి సీసా దిగింది. కొన్నాళ్లకు అదీ పెద్దదనిపించి జామ్ సీసా వచ్చింది. నా ఒళ్లంతా పరిచే సరుకు మెల్లగా నా మధ్యకు, ఆ మధ్యలోంచి ఒక మూలకు జరిగింది. తిండి దగ్గర పిసినారితనం చేసే తల్లిని నేను పుట్టి ఎరగను. ప్రేమతో పిసినారితనం చెయ్యొచ్చునని మాత్రం అప్పుడే చూశాను.

మంగతాయారు ఒకరోజు నిలదీసింది. "ఏవే హైమా, ఇంత రేకు పెట్టుకుని గుప్పెడు చేత్తావేటే? ఒక్కపాలి రెండు కిలోలు చేసి పడేత్తే గేసన్నా కలిసొత్తాది కదా!"

"తాజాగా ఉంటుందని పిన్నిగారూ."

"నెల్రోజులుండే దానికి తాజా ఏటే, నీ మొహం!"

హైమవతి తల దించుకుని గరిటె తిప్పింది. నేను పైకి చెప్పలేను గానీ మంగతాయారు చెవిలో అసలు సంగతి ఊదాలని ఎంత ఆరాటపడ్డానో.

పదో తరగతి అయ్యాక తన్వితను వాళ్ల నాన్న విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశాడు. ఇంటర్మీడియట్ అంటే మన దగ్గర పిల్లల్ని గోడల మధ్య పెట్టి తాళం వెయ్యడమే కదా. ఆదివారాల తీర్పు అక్కడ చెల్లలేదు, ఇంటికే పంపరు. ఫోను దగ్గర ఉంచుకోనివ్వరు. వారానికొకసారి, ఆదివారం, వార్డెను ఫోనులో ఒక్కరికి చేసుకోవచ్చు, అదీ లైనులో నిలబడి. ఆ ఒక్క ఫోను ఎవరికి చేస్తుందో హైమవతికి చెప్పక్కర్లేదు. జడ్జిగారి ముందే చెప్పిన పిల్ల కదా.

అయినా కొరియరులో జామ్ సీసా వెళ్లేది. హాస్టలు గదిలో పిల్లలంతా కలిసి దాన్ని ఊదేసేవారు. సీసా అయిపోయిన వారం ఫోను ఇక్కడికి వచ్చేది. "అమ్మా, అయిపోయింది" అనగానే ఇద్దరికీ కాసిన్ని మాటలు దొరికేవి. సరుకు గురించే మాట్లాడుకునేవారనుకోండి, కొబ్బరి సన్నగా తరగమనీ, సీసా మూత గట్టిగా పెట్టమనీ. ఆ మాటల కోసం హైమవతి ఆదివారం మధ్యాహ్నం బయటికి కదిలేది కాదు. ఫోను ఛార్జింగులోనే పెట్టి, మళ్లీ మళ్లీ ఎత్తి సిగ్నలు ఉందో లేదో చూసేది.

చలికాలంలో ఆ కాలేజీలో ఎవరికో బయటి తిండి పడక వాంతులయ్యాయట. ఇక ఇంటి నుంచి తినేవేవీ పంపకూడదని హుకుం వచ్చింది. హైమవతి పంపిన సీసా గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చింది, అట్టపెట్టెకు వేసిన టేపు కూడా ఊడకుండా.

ఆమె పెట్టె విప్పి, సీసాను నా పక్కన పెట్టి చూస్తూ కూర్చుంది. "ఇంక ఎందుకు చేస్తుంది?" అంది పైకే. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. గ్రనోలా లేకపోతే పిల్ల తనతో మాట్లాడాల్సిన పని లేదని ఆమెకు గట్టిగా అనిపించింది. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. మా ఇద్దరికీ ఆ పిల్ల దగ్గర ఉన్న పరపతి ఆ సీసాయే కదా.

ఒక ఆదివారం ఫోను రాలేదు. ఇంకో ఆదివారం రాలేదు. మంగతాయారు సినిమాకు రమ్మంటే "తలనొప్పి పిన్నిగారూ" అని మానేసింది. తిరిగొచ్చిన సీసాలోది తను తినలేదు, ఎవరికీ పెట్టలేదు. పండగ రోజున కూడా పొయ్యి మీద అన్నం తప్ప ఏమీ చెయ్యలేదు. ఒకరోజు ఉన్నట్టుండి నన్ను తీసి, ఓట్స్ కొలిచి, పాకం పట్టి, ఎప్పట్లా చేసింది. చల్లారేదాకా ముందు కూర్చుంది. ఎవరికోసమని అడగడానికి నాకు నోరు లేదు. ఉండలు చక్కగా కట్టాయి. వాటిని అలాగే నా మీద వదిలేసి లేచిపోయింది. చీమలు పట్టాయి.

నా మీద గ్రనోలా ఉండగా చీమలు పట్టడం అదే మొదలు. నాకు చాలా దిగులేసింది.

చీమల్ని దులిపి నన్ను కడుగుతుండగా ఫోను మోగింది. ఆదివారమే. హైమవతి తడి చేతులు చీరకు తుడుచుకుంటూ పరిగెత్తి స్పీకరు నొక్కింది.

"అమ్మా, నేను."

ఆమె గుక్క తిప్పుకోలేదు. "అయిపోయిందా తల్లీ? ఏం చెయ్యనమ్మా, పంపితే గేటు దగ్గరే తిప్పేశారు. మీ వార్డెనుగారితో నేనొకసారి మాట్లాడి చూడనా? సీల్ వేయించి పంపితే ఒప్పుకుంటారేమో, పోనీ..."

"అది ఎప్పుడో అయిపోయిందమ్మా."

"మరి?"

"మరేం లేదు. ఊరికే చేశాను."

 ఏళ్ల తరబడి ఓట్సూ, ద్రాక్షా, సీసా మూతా తప్ప వేరే మాట ఎరగని తల్లి. అవి లేకుండా కూతురితో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియలేదు. అవతల అమ్మాయిలు "తొందరగా కానివ్వవే" అని అరుస్తున్నారు.

"నాన్నకు చేశావా?" అని మాత్రం అడగగలిగింది.

"వచ్చే వారం చేస్తాలే. అమ్మా, ఏంటి గొంతు అలా ఉంది? ఏడుస్తున్నావా?"

"లేదమ్మా. పోపు ఘాటు."

పొయ్యి మీద ఏమీ లేదు. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు.

ఆ తర్వాత ఆమె గ్రనోలా చెయ్యలేదు. నన్ను బాల్కనీలో కరివేపాకు కుండీ కింద పెట్టింది, నీళ్లు నేల మీదికి కారకుండా. నూనె తగలక ఒళ్లంతా తుప్పు పడుతోంది. నేను లేకుండానే వాళ్లిద్దరికీ మాట కలిసిందంటే నాకు కష్టంగా లేదని అబద్ధమాడను. పనిలేని రేకు బతుకు ఎలా ఉంటుందో ఎవరితో చెప్పుకోను? నాతో పుట్టినవాళ్లు ఎప్పుడో ఏ కొలిమిలోనో కరిగిపోయి ఉంటారు.

ఆదివారాలప్పుడు లోపల ఫోను మోగుతుంది. ప్రతి ఆదివారమూ కాదు. మోగినప్పుడు హైమవతి నడిచే వెళ్తుంది, పరిగెత్తదు. "అయిపోయిందా" అని అడగడం లేదు.